జోగారావు బాగుందన్నాడు

నాకు కుళ్లు. ముందే చెప్పేస్తున్నాను, తరవాత మీరు కనిపెట్టినట్టు గొప్పలు పోనక్కర్లేదు. అశోక్‌నగర్ సందులో ముప్పై నాలుగేళ్లుగా షెడ్డు నడుపుతున్న కార్బ్యురేటర్ జోగారావుకి, మూడేళ్ల క్రితం ఎదురు షట్టర్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న నర్మద అనే పిల్ల మీద కుళ్లు. ఆ పిల్ల కథ రాయడానికి నాకంటే తగినవాడు లేడు. మూడేళ్లుగా ఆమెనే చూస్తూ కూర్చున్నాను మరి, వేరే పనేముంది?

వాళ్లది పాలమూరు. తండ్రి హనుమప్ప సెంట్రింగ్ పనికొచ్చాడు, తల్లి కురుమమ్మ తట్టలు మోసింది. చిక్కడపల్లి వెనక బస్తీలో రేకుల గదిలో కాపురం. ఈ సందులో సగం అపార్ట్‌మెంట్ల స్లాబులు ఆ మొగుడూ పెళ్లాలు పోసినవే. పిల్ల డిప్లొమా పాసైంది. ఇక హనుమప్ప ఆగాడా? కనిపించిన ప్రతివాడికీ, "మా బిడ్డ గ్రూప్స్‌కు చదువుతున్నది సార్, పొద్దంత లైబ్రరీలనే ఉంటది" అని చెప్పుకునేవాడు.

లైబ్రరీలో ఉండేది, నిజమే. తెల్లారకుండా వెళ్లి కుర్చీ పట్టుకునేది. చుట్టూ అందరూ కరెంట్ అఫైర్స్ బట్టీ పడుతుంటే ఈమె ముందు మాత్రం కారు ఇంజిన్ కంప్యూటర్ పుస్తకాల జిరాక్సులు! మా సందు చివర జిరాక్స్ సెంటరువాడు అదేదో కొత్త పేపరు సిలబస్ అనుకుని ఇంకో రెండు సెట్లు తీసి అమ్మకానికి పెట్టాడట. వాడే చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తరవాత ఒక కార్ల సర్వీసు సెంటర్లో ఉద్యోగం. ఆడపిల్ల స్పానరేం పడుతుందిలే అని వాళ్లు ఆమెని తీసుకెళ్లి కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. నాలుగేళ్లు కూర్చుంది, ఆ విద్యంతా నేర్చుకుని బయటికొచ్చి నా ఎదురుగానే షట్టరు తెరిచింది. వాళ్లు చేసిన తెలివితక్కువ పని చివరికి నా మెడకి చుట్టుకుంది.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఇప్పటి కార్లలో పెట్రోలునీ గాలినీ కలిపే కార్బ్యురేటర్ లేదు. లోపల అరచేయంత డబ్బా ఒకటుంటుంది, అదే ఇంజిన్‌కి కంప్యూటరు. పెట్రోలు ఎంత పోయాలి, స్పార్క్ ఎప్పుడు వేయాలి, అన్నీ అదే చెప్తుంది. కంపెనీవాళ్లు అందులో లెక్కలు కాస్త భయంభయంగా రాస్తారు. ఎండనీ వాననీ పిచ్చి పెట్రోలునీ అన్నిటినీ తట్టుకోవాలి కదా. నర్మద స్టీరింగ్ కింద కేబుల్ తగిలించి, పాత లెక్కలు చదివి దాచుకుని, వాటి స్థానంలో తన లెక్కలు రాస్తుంది. రీమ్యాపింగ్ అంటారు. పొద్దున బద్ధకంగా వచ్చిన బండి మధ్యాహ్నానికి కాలు పెడితే దూకుతుంది. గోళ్లలో నలుపు లేదు, చేతికి గ్రీజు లేదు. ఇదేం మెకానిక్కండీ? నేను కార్బ్యురేటర్ విప్పి, పెట్రోలు వచ్చే సన్న జెట్లు ఊది, స్క్రూ పావు తిప్పి, చెవొగ్గి విని, మళ్లీ తిప్పి చేసిన పనిని ఆమె కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతూ చేస్తుంది. ఒళ్లు మండదా?

పైగా ఆమె కోసం వచ్చిన బళ్లన్నీ నా గేటుకే అడ్డం పెడతారు. "అంకుల్, అక్క ఇంకా రాలేదా? బండి జర చూస్తుండండి" అని తాళాలు నా చేతిలో పెట్టి పోతారు. నేనేమన్నా ఆమె వాచ్‌మన్‌నా?

నర్మద మాత్రం నన్ను వదిలేది కాదు. బండి తయారవగానే నా షెడ్డు ముందు ఆపి, "సార్, ఎట్లున్నది?" అని అడిగేది. నేను చస్తే బాగుందనలేదు. బండి ఆగి ఉన్నప్పుడు ఐడిలింగ్ మోటుగా ఉందనేవాణ్ని, పొగ వాసనొస్తోందనేవాణ్ని, ఏమీ దొరక్కపోతే ఆమె బోర్డు మీద అక్షరాలు వంకరగా ఉన్నాయనేవాణ్ని. "అట్లనా సార్" అనుకుంటూ వెళ్లిపోయేది. తిరిగి ఒక మాటంటే నాకు కాస్త హాయిగా ఉండేది, అదీ లేదు.

మా ఆవిడ కమలాకుమారి ఒకరోజు అననే అంది. "మీ షెడ్డు ఖాళీ అయింది ఆ పిల్ల వల్ల కాదండీ, కార్బ్యురేటర్లు పోవడం వల్ల." ఆ పూట పప్పులో ఉప్పు ఎక్కువైందని పెద్ద గొడవ పెట్టుకున్నాను.

అసలు దెబ్బ అభిజిత్ కొట్టాడు. హిమాయత్‌నగర్‌లో బట్టల కొట్టు వాళ్లది. వాళ్ల నాన్న అంబాసిడర్ ఇరవై ఏళ్లు నా చేతి మీదే నడిచింది. అలాంటిది, అభిజిత్ కొత్త టర్బో కారు తెచ్చి సరాసరి ఎదురు షట్టరు ముందు ఆపాడు. ఆపి ఊరుకున్నాడా, నా దగ్గరికొచ్చి మరీ చెప్పాడు.

"ఆదివారం శ్రీశైలం పోతున్నం అంకుల్. అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అందరం. ఘాట్‌ల బండి గుంజాలె కద, అందుకే అక్కతోని చేపిస్తున్న."

అక్కతోనట! నా ముఖం మాడిపోయింది. పైకి మాత్రం, "మంచిది నాయనా" అన్నాను.

శనివారం మధ్యాహ్నం నర్మద నా షెడ్డులోకి వచ్చింది. ఎప్పటిలా లేదు, పరేషాన్‌గా ఉంది.

"సార్, అభిజిత్ అన్న బండి. స్క్రీన్ మీద అంత సాఫ్ కనిపిస్తున్నది. గని ఎత్తు ఎక్కేటప్పుడు ఏదో ఉన్నట్టే అనిపిస్తున్నది, నా చెవికి చిక్కుతలేదు. జర వచ్చి వింటరా?"

వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, తప్పు దొరుకుతుందని. ఇందిరా పార్కు వైపు నుంచి స్టీల్ బ్రిడ్జి ఎక్కించమన్నాను. ఆమె నడుపుతోంది, నేను పక్క సీట్లో. అద్దం దించి, "గోడ పక్కగా పోనీ, మూడో గేరులోనే ఉంచు, ఇప్పుడు తొక్కు" అన్నాను. గోడ పక్కన వెళ్తే ఇంజిన్ చప్పుడు దానికి తగిలి మన చెవికే తిరిగొస్తుంది. ఈ కిటుకు ఏ లాప్‌టాప్‌లోనూ ఉండదు.

వినిపించింది. రేకు డబ్బాలో నాలుగు కందిగింజలు వేసి ఊపినట్టు, సన్నగా, రెండంటే రెండు క్షణాలు. నాకింగ్! స్పార్క్ పడాల్సిన దానికంటే కాస్త ముందే పడుతోందన్నమాట. ఊళ్లో తిరిగినన్నాళ్లు ఏమీ కాదు. ఐదుగురిని ఎక్కించుకుని ఎండలో ఘాట్ ఎక్కితే మాత్రం పిస్టన్‌కి చిల్లు పడుతుంది, ఏ మలుపులోనో బండి చచ్చి ఆగిపోతుంది. వెనక లారీ ఉంటే అంతే సంగతులు.

ఒక్క మాట చెప్తే చాలు. నా కళ్ల ముందు మాత్రం ఆ లారీ కనపడలేదండీ. ఎదురు షట్టరు మూసి ఉండడం కనపడింది.

"ఎట్లున్నది సార్?"

"చాలా బాగుందమ్మా" అన్నాను. అక్కడితో ఆగానా? "నీ చేతిలో పనితనం ఉంది" అని కూడా అన్నాను.

ఆమె ఒకసారి తిరిగి నా ముఖంలోకి చూసింది. మళ్లీ రోడ్డు చూసుకుంది. నన్ను షెడ్డు దగ్గర దించి, బండిని తన షట్టరు ముందుకి తీసుకెళ్లింది. నేను ఇంటికెళ్లి కడుపునిండా భోంచేశాను.

ఆదివారం కాఫీ తాగుతుంటే అభిజిత్ తల్లి గుర్తొచ్చింది. ఆవిడ మోకాళ్ల నొప్పులతో నాలుగు మెట్లు కూడా దిగలేదు. బండి ఆగిపోతే ఆవిడెలా దిగుతుంది? వెనక సీట్లో పిల్లలు నిద్రపోతూ ఉంటారేమో. గ్లాసు కింద పెట్టి అభిజిత్‌కి ఫోన్ చేశాను. అందుబాటులో లేరంది. మన్ననూరు దాటితే అంతా అడవి, ఫోన్లు పలకవు. పది సార్లు చేశాను, ఇరవై సార్లు చేశాను. మా ఆవిడ ఏమైందని అడిగితే కసురుకున్నాను. నేను కుళ్లుబోతునే గానీ దుర్మార్గుణ్ని కాదని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. ఆ రోజు ఆ నమ్మకం కూడా పోయింది. అన్నం ముట్టలేదు, నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా నడిచాను, మళ్లీ వెనక్కొచ్చాను. వేలితో నొక్కీ నొక్కీ ఫోన్ బ్యాటరీ అయిపోతే, ఛార్జింగ్‌కి పెట్టి మళ్లీ నొక్కాను.

సాయంత్రం ఐదింటికి అభిజితే చేశాడు. "ఏంది అంకుల్, గన్ని మిస్డ్ కాల్సున్నయి? దర్శనం మంచిగైంది. బండి అయితే ఘాట్‌ల ఫస్ట్ క్లాస్, ఎగిరిపోయింది!"

అమ్మయ్య అనుకున్నాను. మొదటి ఊపిరికి ప్రాణం లేచొచ్చింది. రెండో ఊపిరికి మళ్లీ మంట మొదలైంది. ఏమిటీ, ఎగిరిపోయిందా? మరి నా చెవి? నేను విన్నది అబద్ధమా? ముప్పై నాలుగేళ్లలో నా దగ్గర మిగిలిందే ఆ చెవి.

సోమవారం పొద్దున ఆమె షట్టరు ఎత్తకముందే వెళ్లి నిలబడ్డాను. తప్పు ఒప్పుకుందామని కాదు, నా చెవి తప్పు కాదని తేల్చుకుందామని.

"శనివారం ఆ బండిలో నాకింగ్ ఉంది. నేను విన్నాను" అన్నాను. అన్నాక గానీ ఏం ఒప్పుకున్నానో నాకు తెలియలేదు.

"తెలుసు సార్" అంది నర్మద. "గా సాయంత్రమే స్పార్క్ టైమింగ్ రెండు డిగ్రీలు ఎనుకకు తీసిన."

"నేను బాగుందని చెప్పాను కదా!"

"గందుకే తీసిన." తాళం తిప్పుతూ చెప్పింది, గొంతులో కోపం కూడా లేదు. "మూడేండ్ల సంది అడుగుతున్న మిమ్మల్ని. ఎంత మంచిగున్న బండికైనా ఏదో ఒక వంక పెట్టిర్రు. ఒక్కనాడు మంచిగున్నదనలే. మొన్న పనితనం ఉన్నదన్నరు సార్. నాకు కాళ్లు చేతులు ఆడలే."

నాకు తల కొట్టేసినట్టయింది. "అన్నీ తెలిసి నన్నొక్క మాటైనా అనవేం?" అన్నాను.

"అంటే మల్ల వస్తరా మీరు? ఇంకో బండి తయారుగున్నది. రాండ్రి, కూసోండ్రి."

మళ్లీ అదే బ్రిడ్జి. అద్దం దించాను. మూడో గేరు, గోడ పక్కన, కాలు పూర్తిగా తొక్కింది. ఏమీ లేదు. ఒక్క గింజ చప్పుడు లేదు. నా మంచి రోజుల్లో కూడా ఏ బండినీ నేను అంత నున్నగా పలికించలేదు. కుళ్లు గొంతుదాకా వచ్చింది. కానీ నిజంగా బాగుంది. జీవితంలో మొదటిసారి ఆ మాట మనస్ఫూర్తిగా నోటిదాకా వచ్చింది.

బ్రిడ్జి దిగాక ఆమె బండి పక్కకి ఆపింది. స్టీరింగ్ వదల్లేదు. భయంభయంగా నా నోటివంకే చూస్తోంది. బాగుందంటే చాలు, వెళ్లి ఆ లెక్కలన్నీ చెరిపేస్తుంది.

"క్లచ్ వదలడం కూడా రాదు నీకు" అన్నాను. "ఆ సీటు కవర్లు చూడు, ఎంత దరిద్రంగా ఉన్నాయో."

నర్మద ముఖం వెలిగిపోయింది. "థాంక్స్ సార్" అంది.