ఒకే ఫోల్డర్‌లో ఇద్దరు ఏజెంట్లు

2025 ఎండాకాలం. హైటెక్ సిటీలో మా ఆఫీసు ఒక అద్దాల మేడలో ఉంది. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే లోపల ఏసీకి స్వెట్టర్లు వేసుకుని కూర్చునే జాతి మాది. సిద్దిపేట దగ్గర పల్లె నుంచి వచ్చి, ఇరవై ఏళ్ళకు పైగా ఈ సాఫ్ట్‌వేర్ పనిలోనే ఉన్నాను. ఇన్నేళ్ళలో కంప్యూటర్ల మీద కన్నా మనుషుల మీదే ఎక్కువ అరిచాను, అది వేరే సంగతి.

అప్పటికే మా పని తీరు మారిపోయింది. కోడ్ సొంతంగా రాయడం తగ్గి, ఏఐ ఏజెంట్లతో రాయించడం పెరిగింది. ఏజెంట్ అంటే మనం మామూలు మాటల్లో పని చెబితే తానే ఫైళ్ళు తెరిచి, కోడ్ రాసి, పరీక్షించి, ఏం చేసిందో చివర్లో చెప్పే ప్రోగ్రామ్. ఒక్కో పని కోసం దానితో నడిపే సంభాషణను సెషన్ అంటాం. మేం వాడే వెర్షన్ కంట్రోల్ యాప్‌లో ఈ సెషన్లన్నీ ఎడమ పక్కన వరసగా కనిపిస్తాయి. వెర్షన్ కంట్రోల్ పని, కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచి ఉంచడం. మార్పును ఖాయం చేయడాన్ని కమిట్ అంటారు. కమిట్ చేసింది ఎక్కడికీ పోదు. చేయనిది గాలిలో దీపం.

మా టీమ్‌లో అనురాధ అని ఒకావిడ ఉండేది. ఊరు తణుకు. పెళ్ళికి ముందు టెస్టింగ్ ఉద్యోగం చేసి, పిల్లల కోసం మానేసి, చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ పనిలోకి వచ్చింది. వెళ్ళిన ప్రతి ఇంటర్వ్యూలోనూ ఆ ఖాళీ ఏళ్ళ గురించే అడిగారట, తనకు వచ్చిన పని గురించి ఒక్కరూ అడగలేదట. చివరికి మా దగ్గర ప్రొబేషన్ మీద చేరింది. ఆ గడువు తర్వాత బాగుందనుకుంటే పర్మనెంట్, లేకపోతే ఒక నమస్కారం. గడువు ఆ శుక్రవారంతో ముగుస్తుంది. ఆమె ఉండాలా వద్దా అన్నది నేను ఇచ్చే రివ్యూను బట్టి తేలుతుంది.

ఆమె చేతిలో ఉన్న పని జీడిమెట్లలోని ఒక చిన్న డయాలసిస్ సెంటర్‌ది. అక్కడికి వచ్చేవాళ్ళలో ఫ్యాక్టరీ కార్మికుల కుటుంబాలే ఎక్కువ. ఎవరైనా పేషెంట్ ఆ రోజు రాలేకపోతే, ఖాళీ అయిన బెడ్ గురించి వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకు వెంటనే ఫోన్‌లో తెలుగులో మెసేజ్ వెళ్ళాలి. చెప్పుకోవడానికి చిన్న పనే. కానీ అనురాధ చేసి చూపించడం, మర్నాటికి అది మాయమైపోవడం జరుగుతూ వచ్చింది. ఒకసారైతే సరే అనుకున్నాం. మళ్ళీ అదే జరిగింది.

సెంటర్ ఇన్‌ఛార్జి యాదయ్య గారు నాకు ఫోన్ చేశారు.

"ఏంది మేడమ్ గిట్ల? మొన్న మంచిగ చూపెట్టిండ్రు. ఇయ్యాల చూస్తే మళ్ల మొదటికొచ్చింది."

"జర ఓపిక పట్టుండ్రి సార్, చూస్తున్నం."

"ఓపిక నాకుంటది మేడమ్. వాళ్ల కిడ్నీలకు ఉండదు."

ఫోన్ పెట్టేసరికి మా మేనేజర్ శ్రీధర్ నా సీటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఆవిడకు ఏజెంట్లు అలవాటు కాలేదు విజయా. మంచావిడే, కాదనను. కానీ ఈ పని వేరేవాళ్ళకు ఇచ్చేద్దాం, రివ్యూలో కూడా అదే రాసెయ్" అన్నాడు.

నేను అనురాధను పిలిచాను. "ఏమైతుంది అనురాధా? సాఫ్ సాఫ్ చెప్పు."

"నేనే ఎక్కడో ఏదో నొక్కేసి ఉంటానండి" అంది. "మధ్యాహ్నం చూసినప్పుడు ఉందండి. తర్వాత చూస్తే లేదండి. నావల్లే అయి ఉంటుందండి."

నాకు ఒళ్ళు మండింది. తాను చేసిన మంచి పని గురించి నోరు విప్పదు, చేసిందో లేదో తెలియని తప్పును మాత్రం అడగకముందే నెత్తిన వేసుకుంటుంది. అన్ని ఇంటర్వ్యూలు కలిసి ఆమెకు నేర్పిన విద్య అదే కాబోలు. ఆ విద్య నేర్పినవాళ్ళు ఎదురుపడితే నాలుగు మాటలు అనాలనిపించింది.

బుధవారం యాదయ్య గారు చెప్పాపెట్టకుండా ఆఫీసుకే వచ్చేశారు. "నా కండ్ల ముందర చేసి చూపెట్టుండ్రి. ఏడ పోతుందో నేను గూడ చూస్త" అని అనురాధ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను వెనక నిలబడ్డాను.

అనురాధ యాప్‌లో ఒక సెషన్ తెరిచి వెయిటింగ్ మెసేజ్‌ల పని మళ్ళీ చెప్పింది. ఏజెంట్ పూర్తి చేసింది. మారిన ఫైళ్ళ పేర్లు కుడి పక్కన వరసగా వచ్చాయి. పరీక్షగా మెసేజ్ పంపితే యాదయ్య గారి ఫోన్ మోగింది. ఆయన మొహం విప్పారింది. అనురాధ ఆ మార్పులను నా కోడ్ రివ్యూ కోసం, అంటే నేను చూసి సరే అనేదాకా, అలాగే ఉంచి, ఈలోగా ఖాళీగా ఉండడమెందుకని రెండో సెషన్ తెరిచింది. కొన్ని పాత ఫోన్లలో తెలుగు అక్షరాలు సరిగ్గా రావడం లేదు, అది చూడమని దానికి చెప్పింది. అంతలో చాయ్ వచ్చింది. ముగ్గురం గ్లాసులు అందుకున్నాం.

ఉన్నట్టుండి అనురాధ కెవ్వుమంది.

"మేడమ్, చూడండి, చూడండి! తగ్గిపోతున్నాయండి!"

కుడి పక్కనున్న ఫైళ్ళ పేర్లు మా ముగ్గురి కళ్ళ ముందే ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి.

"నేను ముట్టుకోలేదండి! నా రెండు చేతుల్లోనూ గ్లాసే ఉందండి!" అంటూ ఆమె చాయ్ గ్లాసును రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది.

కాసేపటికి రెండో ఏజెంట్ పని ముగించి తన నివేదిక ఇచ్చింది. అక్షరాల గురించి పొడుగ్గా చెప్పి, చివర్లో ఒక ముక్క రాసింది: "ఈ పనికి సంబంధం లేని కొన్ని మార్పులు ఫోల్డర్‌లో కనిపించాయి. వాటివల్ల పరీక్షలు విఫలమవుతున్నందున వాటిని పాత స్థితికి తెచ్చాను." అది చదివి నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. కొంపలు ముంచి ఎంత మర్యాదగా చెప్పింది!

యాదయ్య గారు గ్లాసు కింద పెట్టారు. "అంటే ఒకడు నాటేసుడు, ఇంకోడొచ్చి గడ్డి అనుకొని పీకేసుడా?"

"అచ్చం గదే సార్."

సంగతి ఇది. కొత్త సెషన్ తెరిచేటప్పుడు యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఏజెంట్‌కు విడిగా వర్క్‌ట్రీ ఇవ్వాలా, ఉన్న ఫోల్డర్‌లోనే పని చేయించాలా? వర్క్‌ట్రీ అంటే అదే కోడ్‌కు పక్కన ఇంకో ఫోల్డర్‌లో ఇచ్చే వేరే ప్రతి. ఎవరి ప్రతి మీద వాళ్ళు పని చేసుకుంటే గొడవ లేదు. కానీ వర్క్‌ట్రీ ఇచ్చిన ప్రతిసారీ దానికి కావలసినవన్నీ మళ్ళీ అమర్చాలి, అదొక విసుగు. అందుకని మా టీమ్ మొత్తం ఉన్న ఫోల్డర్‌నే ఎంచుకునేది. కొత్తగా వచ్చినవాళ్ళకూ అదే నేర్పేది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత అందరికీ తెలుసు, ఇక్కడ మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

మరి మిగతావాళ్ళ పని ఎందుకు పోలేదు? రివ్యూ అయ్యాకే కమిట్ చేయాలని మాకు ఒక రూలు ఉంది. మావాళ్ళు ఏజెంట్ పని ముగించగానే ఎవరూ చూడకుండా కమిట్ కొట్టేసి, తీరిగ్గా రివ్యూకు వచ్చేవాళ్ళు. రూలును నమ్మి, మార్పులను కమిట్ చేయకుండా నా కోసం దాచి ఉంచింది అనురాధ ఒక్కతే. పైగా పోయిన పని కోసం అందరం మొదటి సెషన్‌లోనే వెతికాం. ప్రతిసారీ ఆ తర్వాత వేరే పనికి తెరిచిన సెషన్‌లోకి తొంగి చూడాలని ఎవరికి తోస్తుంది?

పోయినదాని గురించి పెద్దగా బెంగపడే పని లేకపోయింది. మొదటి సెషన్‌లో ఏజెంట్ చేసిందంతా నమోదై ఉంది కాబట్టి, విడిగా వర్క్‌ట్రీ ఇచ్చి అడిగితే అదే మళ్ళీ చేసిపెట్టింది. నేను అక్కడే కూర్చుని రివ్యూ చేశాను, అనురాధ కమిట్ చేసింది. యాదయ్య గారు లేస్తూ "ఇగ ఫికర్ లేదమ్మా" అన్నారు, నాతో కాదు, ఆమెతో. మర్నాడు ఆమె ఎవరూ అడగకుండానే ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రామ్, రాసింది. వర్క్‌ట్రీ తెరవగానే కావలసినవన్నీ వాటంతటవే అమరిపోతాయి. టీమ్‌కు ఇక విసుగు అనే సాకు లేదు.

శుక్రవారం శ్రీధర్ గదికి వెళ్ళాను.

"అంతా బాగానే ఉంది. కానీ ఆవిడను పర్మనెంట్ చేయడం రిస్కు కాదా?" అన్నాడు.

"వద్దనుకుంటే నువ్వే పిలిచి ఆమెకు కారణం చెప్పు. నాకైతే ఒక్కటీ దొరకలేదు."

అతను నవ్వి ఆమెను పర్మనెంట్ చేసే కాగితం మీద సంతకం పెట్టాడు. బయటికి వచ్చి అనురాధకు చెప్పాను. "మా వారికి ఫోన్ చేసి వస్తానండి" అని లిఫ్టుల వైపు వెళ్ళింది. ఫోన్ చేయనేలేదు. గోడ వైపు తిరిగి ఏడ్చింది. నేను చూడనట్టు వచ్చేశాను, కానీ నాకూ కళ్ళు చెమర్చాయి.

యంత్రం దగ్గర ఏదైనా చెడిపోతే "ఇలా ఎందుకు జరిగింది" అని అడుగుతాం. మనిషి దగ్గరకు వచ్చేసరికి "నువ్వేం చేశావు" అని అడుగుతాం. రెండో ప్రశ్నకు భయపడ్డవాళ్ళ నుంచి ఎప్పుడూ నిజం రాదు, క్షమాపణే వస్తుంది. ఆ కేసు నాకు నేర్పింది ఇదే.

వానాకాలంలో ఇంకో టీమ్ నుంచి రమేష్ గారని ఒకాయన మా దగ్గరకు వచ్చారు, వయసులో నాకన్నా పెద్దాయన. ఒకరోజు ఆయన రాసుకున్నదేదో కనిపించకుండా పోయింది. మొహం తెల్లబోయి, "నావల్లే అయుంటది మేడమ్" అంటూ నా వైపు వస్తున్నారు. దారిలో అనురాధ లేచి తన పక్కన కుర్చీ లాగింది.

"మీరు ముందు కూర్చోండి" అంది. "తప్పెవరిదో మనకింకా తెలీదు కదండీ. అసలేం జరిగిందో ఇద్దరం చూద్దాం, రండి."