వాసన గడిలో ఒక్క మాట

మొన్న గుడివాడ బజారులో ఒకాయన తోపుడుబండి మీద పంపరపనస ఒలుస్తున్నాడు. తొక్కలోకి గోరు దిగగానే సన్నటి నూనె తుంపర గాల్లోకి చిమ్మింది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ముందు పుల్లటి ఘాటు, వెనక తెల్లపొర చేదు, అన్నిటికన్నా ఆఖర్న పచ్చిమిరియం. మనసులో ఇలా వరసగా రాసుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, బండాయన అనుమానంగా చూసి, "ఏమ్మా, పండు బాగోలేదా?" అని అడిగాడు. బాగుండటం, బాగోకపోవడం కాదు సంగతి అని ఆయనకు ఎలా చెప్పను? ఈ పిచ్చి నాకు అంటించిన మనిషి వేరే ఉన్నారు. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది.

విమల మేడం గుడివాడలో చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్ నడిపేవారు. నందివాడ వైపు నుంచి చేపల రైతులు, దివిసీమ నుంచి రొయ్యల రైతులు పాత కూల్‌డ్రింకు సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చేవారు. యాభై దాటిన మనిషి, ముతక చీర, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. చూసినవాళ్ళు ఏ హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్సో అనుకుంటారు. అలాంటావిడకు ఉన్న సరదా ఏమిటంటే, ఏడాదికి రెండు మూడుసార్లు రైలెక్కి బెంగుళూరో పూనానో గోవానో బీరు పండగలకు వెళ్ళడం. దుకాణంలో దొరికే బీరు కాదు. చిన్న చిన్న తయారీదారులు సొంత చేతుల్తో కాచి తెచ్చే రకాలు, ఒక్కో పండగలో యాభై అరవై దాకా ఉంటాయి. ఆవిడ ఒక్కో రకం నాలుగు గుక్కలే తాగి, మధ్యలో నాలుగు మరమరాలు నమిలి, నోట్‌బుక్కులో రాసుకునేవారు. మాస్టారు, అంటే ఆవిడ భర్త, రిటైరైన లెక్చరరు, మజ్జిగ పులిస్తేనే తల తిరుగుతుందనే మనిషి. మరమరాల పొట్లం కట్టిచ్చి స్టేషన్లో దింపేది మాత్రం ఆయనే. ఎక్కడికండీ అని రైతులు అడిగితే మేడం ఉన్నదున్నట్టు, "బీరు పండక్కండీ" అనేవారు. వాళ్ళు పడీ పడీ నవ్వి, మేడం గారు భలే సరదా మనిషి అనుకుంటూ వెళ్ళిపోయేవారు. ఒక్కరూ నమ్మలేదు.

నాది గిలకలదిండి. హార్బరుకు నాలుగడుగుల దూరంలో ఇల్లు. నాన్న బోటు మీద, అమ్మ వేలంలో చేపలు పాడి బందరు వీధుల్లో అమ్మడం. బీఎస్సీలో నా పక్కన కూర్చునే అమ్మాయి ఒకరోజు ఏమీ అనకుండా కిటికీ వైపు జరిగి కూర్చుంది. ఏమన్నా అన్నా బాగుండేది. ఆ రోజు నుంచి నేను ఒంటికి సబ్బు రెండుసార్లు రుద్దడం, సెంటు కొట్టుకోవడం మొదలుపెట్టాను. ల్యాబ్‌లో చేరిన మొదటి రోజు కూడా అలాగే బందరు రైల్లో గుడివాడ వెళ్ళాను. మేడం కళ్ళజోడు పైనుంచి చూసి, "ముందా సెంటు కడుక్కుని రామ్మా. ఈ గదిలో నువ్వు తప్ప నాకింకేం తెలియట్లేదు" అన్నారు. ఏడుపొచ్చినంత పనైంది. కడుక్కుని వచ్చాక ఒక సీసా మూత తీసి నా ముక్కు కింద పెట్టారు.

"ఏం వాసన?"

"బాగోలేదండీ."

"బాగోలేదు అనేది వాసన కాదు. బాగుంది అనేదీ కాదు. అవి నీ అభిప్రాయాలు. ఇదిగో, ఈ కాగితంలో వాసన అని ఒక గడి ఉంది చూశావా? దీంట్లో ఒక్క మాట రాయాలి. ఆ మాట చదివితే నాకు ఆ వాసన రావాలి."

మళ్ళీ చూశాను. నోటికొచ్చింది అనేశాను: "ఐసు పెట్టె అడుగు కడక్కపోతే వచ్చే వాసనండీ." మేడం ముఖం ఎంతలా విచ్చుకుందో ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. "అదీ. అలా చెప్పు. మీటరు తర్వాత చూద్దాం, ముందు ముక్కు" అన్నారు. ఆ సంవత్సరాల్లో నేను నేర్చుకున్న పనంతా ఇంతే. పాచి, చిలుము, పచ్చిగడ్డి, మురిగిన తూటికాడ, తడి గోనెసంచి. గడికి ఒక్క మాట.

బీరుకూ ఆవిడ ఇదే పద్ధతి పెట్టారు. పండగల్లో పంచే కాగితాల మీద రుచులకు ఇంగ్లీషు పేర్లు అచ్చువేసి ఉంటాయి. ఆవిడ వాటిని అడ్డంగా కొట్టేసేవారు. "వీళ్ళు చెప్పే పళ్ళు నేను పుట్టి బుద్ధెరిగి తిన్లేదు. తినని పండు వాసన నేనెలా రాస్తాను?" అని ఆవిడ వాదన. ఆవిడ నోట్‌బుక్కుల్లో పంపరపనస ఉంటుంది, దబ్బాకు ఉంటుంది, పేలాలు, మాడిన బెల్లప్పాకం, లవంగం గుచ్చిన అరటిపండు, ముక్కిన బియ్యం ఉంటాయి. ఆ పుస్తకాలు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. తీసి చదివితే నోరూరుతుంది.

రెండో ఏడాది నన్నూ రమ్మన్నారు. అమ్మకు ఏం చెప్పాలో తెలియక కొల్లేరు ట్రైనింగనో మరోటనో అబద్ధం అల్లుతుంటే, మేడం స్వయంగా గిలకలదిండి వచ్చేశారు. మా గుమ్మంలో పీట మీద కూర్చుని, "మీ అమ్మాయిని బీరు వాసన చూడ్డానికి బెంగుళూరు తీసుకెళ్తానండీ" అన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మ చేపలు కడుగుతున్న చెయ్యి ఆపలేదు. "వాసన సూట్టానికి బెంగుళూరు దాకా ఎందుకండీ? మా వీధి చివర కాసేపు నిలబడితే సరిపోద్ది గదా" అంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. వెళ్ళేటప్పుడు అమ్మ ఆవిడకు రెండు పండుగొప్ప చేపలు కవరులో కట్టిచ్చింది. నా మొదటి బీరు నాకు వేపాకులా తగిలింది. మేడంతో అదే చెప్తే, "రాయి" అన్నారు.

ఇలా తిరిగి తిరిగి, ఆవిడను అక్కడివాళ్ళు గుర్తుపట్టడం మొదలుపెట్టారు. ఆంధ్రా నుంచి నోట్‌బుక్కుతో వచ్చే ఆంటీ అనేవారు. ఒక ఏడాది బెంగుళూరు పండగవాళ్ళు పోటీకి న్యాయనిర్ణేతగా రమ్మని ఈమెయిల్లో ఉత్తరం పంపారు. ఆవిడ ఆ ఉత్తరాన్ని ప్రింటు తీసి ల్యాబ్ గోడకు అంటించారు. ఆరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వచ్చిన ప్రతి రైతుకూ చదివి వినిపించారు. అప్పుడు నమ్మారు జనం. ఏళ్ళ తరబడి సందర్శకురాలిగా గుంపులో నిలబడి తాగిన మనిషికి నిర్ణేతల బల్ల దగ్గర కుర్చీ వేస్తామంటే ఎలా ఉంటుందో నాకు అర్థమైంది. ఇంతలో కరోనా వచ్చింది. పండగ రద్దైంది. మేడంకు జ్వరం వచ్చి తగ్గింది. మరుసటి ఏడాది మళ్ళీ పిలుపొచ్చింది.

ఒకరోజు నేను ల్యాబ్ మెట్లెక్కుతుంటేనే మాడు వాసన కొట్టింది. పరిగెత్తుకెళ్ళి చూస్తే, పొయ్యి మీద టీకి పెట్టిన పాలు పొంగి, ఇంకి, గిన్నె నల్లగా మాడిపోతోంది. మేడం ఆ పక్కనే కూర్చుని రిపోర్టులు రాసుకుంటున్నారు. నేను పొయ్యి కట్టేసి ఆవిడ వైపు చూశాను. ఆవిడ గిన్నె వైపు చూశారు. కొన్నాళ్ళుగా ప్రతి సీసా నాకే ఇచ్చి, నువ్వు చెప్పు, నీకు ప్రాక్టీసవ్వాలి అని ఎందుకు అంటున్నారో అప్పటికి గాని నా బుర్రకు తట్టలేదు.

"ఎన్నాళ్ళయిందండీ?"

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ. డాక్టరు వాసన మళ్ళీ రావచ్చన్నాడు, రాకపోవచ్చన్నాడు." మాడిన గిన్నె దించుతూ, "బెంగుళూరువాళ్ళకి చెప్పలేదు నాంచారమ్మా. చెప్తే ఆ కుర్చీ ఇంకొకళ్ళకి ఇస్తారు. నువ్వు పక్కన కూర్చో. నా చెవిలో ఒక్కో మాట చెప్పు. తీపీ చేదూ పులుపూ నాలిక్కి తెలుస్తున్నాయి, మిగతాది నీ ముక్కు" అన్నారు. నిజాన్ని నడివీధిలో చెప్పే మనిషి అలా బతిమాలుతుంటే సరేనన్నాను.

బెంగుళూరులో బల్ల చుట్టూ నలుగురు నిర్ణేతలు. నేను రాసిపెట్టడానికి వచ్చిన అసిస్టెంటునని చెప్పాం. ఎనిమిది గ్లాసుల దాకా బండి సాఫీగా నడిచింది. నేను వాసన చూసి తెలుగులో ఒక మాట గొణగడం, ఆవిడ గుక్క వేసి మార్కులు వెయ్యడం. తొమ్మిదో గ్లాసు వచ్చింది. బంగారం రంగు, అద్దంలా తేటగా ఉంది. మిగతా ముగ్గురూ రంగు చూసే మురిసిపోతున్నారు. నేను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అట్టడుగున, సన్నగా, నీచు. మామూలు నీచు కూడా కాదు. పెద్ద చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది. దాన్ని కోసి ఎండబెట్టి వర్తకులకు ఇవ్వడం మా వాడలో మామూలే. మా డాబా మీద చాపలో ఎండే ఆ తిత్తుల వాసన, బెంగుళూరులో, బీరు గ్లాసులో. మాట నోటిదాకా వచ్చింది. ఇస్త్రీ చొక్కాలవాళ్ళ మధ్య ఆ మాట నేనంటే, వాసన నా నుంచే వస్తోందనుకుంటారేమో అనిపించింది. కిటికీ వైపు జరిగిన అమ్మాయి గుర్తొచ్చింది.

"బాగుందండీ" అన్నాను.

మేడం కలం ఒక్క క్షణం ఆగింది. ఆ మాట గడిలో రాయకూడదని నేర్పింది ఆవిడే. అయినా నన్ను నమ్మి, అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దానికే వేశారు.

భోజనాల వేళకు తొమ్మిదో గ్లాసే ముందుందని తెలిసింది. నేను కంచం పక్కన పెట్టేశాను. ఆవిడను గుడారం వెనక్కి తీసుకెళ్ళి చెప్పేశాను. "నీచండీ. ఎండు తిత్తుల నీచు. సిగ్గేసి చెప్పలేదు." తిడతారనుకున్నాను. ఆవిడ పొట్లంలో మిగిలిన మరమరాలు చేతిలో పోసుకుని, తినకుండా చూస్తూ నిలబడ్డారు. "నువ్వు దాచింది ఒక మాట. నేను ముక్కే దాచాను. నిన్ననడానికి నాకేం హక్కుందమ్మా?" అన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి, ఆ ముగ్గురి ముందూ నిలబడి, తనకు వచ్చిన ఇంగ్లీషులో మెల్లగా చెప్పారు. నాకు వాసన తెలియడం లేదు. వచ్చే ముందే తెలుసు. ఈ కాగితాల్లో వాసనంతా ఈ అమ్మాయిది. నా మార్కులు తీసెయ్యండి. తొమ్మిదోది ఈ అమ్మాయిని మళ్ళీ అడగండి.

అడిగారు. చెప్పాను, నీచు అని, అది ఏ వాసనో, మా డాబా మీద ఎలా వస్తుందో. వాళ్ళు గ్లాసులు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆ బీరు కాచిన నడివయసాయన్ని పిలిపించారు. బీరు తేటపడటానికి చేప తిత్తుల పొడి వాడతారట. ఆయన ఎప్పుడో విప్పి ఉంచిన పాత పొట్లం వాడాడట. ఆయన కోప్పడలేదు. నా చేత నీచు అన్న మాట రెండుసార్లు పలికించుకుని, తన భాషలో రాసుకుని వెళ్ళాడు. మేడం మాత్రం కుర్చీ ఖాళీ చెయ్యాల్సొచ్చింది. వాళ్ళు మర్యాదగానే చెప్పారు, కానీ ఆ బల్ల దగ్గరకు ఆవిణ్ణి మళ్ళీ పిలవలేదు. తిరుగు రైల్లో నేను ఏడుస్తూనే ఉన్నాను. "ఒక్క పూటైనా కూర్చున్నానుగా, చాల్లే" అన్నారావిడ. చాలదని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత ల్యాబ్ రిపోర్టుల్లో వాసన గడి పక్కన నా సంతకం పెట్టించారు. రైతులకు కూడా, "నా ముక్కు పోయిందండీ, ఈ అమ్మాయి చూస్తుంది" అని చెప్పేశారు. ఒకసారి దివిసీమలో నీళ్ళు పట్టుకోవడానికి వెళ్ళి, పాలకాయతిప్ప దాకా నడిచాం. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఆవిడ ఇసుకలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. "ఏమేం వస్తున్నాయో చెప్పు" అన్నారు. చెప్పాను. ముందు ఒండ్రు. తర్వాత ఎండిన నాచు. గాలి మళ్ళితే ఉప్పు, దాంతోపాటు దూరంగా ఏదో బోటు డీజిలు. "డీజిలు కూడానా?" అని నవ్వారు. పండగలకూ వెళ్ళాం, మామూలు జనంలా టికెట్టు కొనుక్కుని. నేను చెప్పేదాన్ని, ఆవిడ గుక్క వేసి తలూపేవారు. పోయే ముందు నెల దాకా అలాగే నడిచింది. ఆవిడకు వాసన మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నన్నూ పిలుస్తున్నారు అలాంటి బల్లల దగ్గరకు. పోయిన చలికాలం పూనా వెళ్ళాను. రైలు దిగేసరికి జలుబు పట్టుకుంది. మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ తెలియలేదు. రెండోదీ అంతే. పక్కవాళ్ళు రాస్తున్నారు. రంగు చూసి, నాలిక మీద తీపీ చేదూ చూసి, నేనూ ఏదో ఒకటి రాసెయ్యవచ్చు. ఎవరికీ తెలియదు. నాకోసం వేసిన కుర్చీ, ముందు నా పేరు రాసిన అట్ట. లేవడానికి చాలాసేపు పట్టింది. "ఈరోజు నాకు వాసన తెలియట్లేదండీ, నన్ను వదిలెయ్యండి" అని చెప్పి బయటికొచ్చి గడ్డిలో కూర్చున్నాను. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. నాది జలుబు, నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. తనది తగ్గకపోవచ్చని తెలిసి కూడా ఆవిడ ఆ మాట అనగలిగారు.