తలుపు అవతలి మాట

మాది ఎల్లారెడ్డి. నాకు చిన్నప్పటి నుంచీ చెవుడు. తొంభైలలో మా అన్న దుబాయి నుంచి వస్తూ నా చెవి మిషనుతో పనిచేసే వైర్‌లెస్ మైకు తెచ్చాడు. ఎదుటివాళ్లు దాన్ని కాలరుకు పెట్టుకుంటే, ఎంత గోలలోనైనా వాళ్ల మాట నేరుగా నా చెవిలో పడేది.

ఆ నెలలోనే బాపును కామారెడ్డిలో ఆసుపత్రిలో చేర్చాం. కిక్కిరిసిన వరండాలో నాతో మాట్లాడుతున్న అన్నను డాక్టరు పిలిచాడు. అన్న మైకు తీయడం మరిచి లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది.

"ఇంక రెండు దినాలే. ఇంటికి తీస్కపోండ్రి."

డాక్టరు మాట సన్నగా వినపడింది. ఆ వెంటనే అన్న ఏడుపు.

కాసేపటికి అన్న కళ్లు తుడుచుకుని వచ్చాడు. "బాపుకు జబ్బు తక్కువైతది చెల్లె" అన్నాడు. నేను తలూపాను.

మంచం దగ్గరికి వెళ్తే బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వన్నా నిజం చెప్పు బిడ్డా. డాక్టర్ ఏమన్నడు?"

"నాకు వినవడలే బాపు" అన్నాను.

బాపు మూడో రోజు పోయాడు. చెవుడును అడ్డం పెట్టుకుని నేనాడిన అబద్ధం అదొక్కటే. నిజం చెప్పి ఉంటే, ఆ రెండు రోజుల్లో ఆయన మాతో ఏమేం చెప్పుకునేవాడో! ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.