చిన్న పెట్టెలో వాన

మా వదినను ఆఫీసులో కత్తెరమ్మ అంటారు. ఎదురుగా కాదులెండి, చాటుగా. పెద్ద మిషన్ల కోసం తయారైన వీడియో గేములను, చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న చవక పెట్టెలో నడిచేలా కత్తిరించడం ఆవిడ ఉద్యోగం. మా అన్నయ్యను చేసుకుని ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ అదే పని. ఒకరు కట్టింది తీసెయ్యడమే తప్ప, గేములో తనంతట తాను ఒక గుడిసెనైనా కట్టలేదని ఆవిడ బెంగ.

ఈసారి వచ్చిన గేములో ఊరంతా వాన. తెర మీద బొమ్మ గీసే ప్రోగ్రామును వాళ్ళు ఇంజిన్ అంటారు. ఈ కొత్త ఇంజిన్‌ది మహా ఆర్భాటం. తడిసిన రోడ్డు మీద ఏ దీపం వెలుగు ఎక్కడ పడాలో అప్పటికప్పుడు లెక్క కడుతుంది. అంత లెక్క చిన్న పెట్టె వల్ల కాదని ఆఫీసులో అందరూ చేతులెత్తేశారు. మేనేజరు మాత్రం, దీన్ని నడిపించి చూపిస్తే కొత్త గేము కట్టే జట్టులోకి మారుస్తానని వదినకు మాటిచ్చాడు. ఇంకేం, పిచ్చిది ఆ మాట పట్టుకుని వేలాడింది.

మొదటిసారి నడిపినప్పుడు పెట్టె పెనంలా కాలింది, బొమ్మ నత్తనడక నడిచింది. వదిన ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. దూరంగా ఉన్న చెట్లను అట్టముక్కల్లా చదును చేసేసింది. వీధి చివరి మేడలు తీసేసి, అవి లేవని తెలియకుండా పొగమంచు కమ్మించింది. వెలుగు లెక్కలన్నీ ఆపేసి, రోడ్డు మీద దీపాల మెరుపును ముందే రంగులతో వేసిపెట్టింది. ఇంటికొచ్చినా భోజనాల బల్ల మీద అదే గోల. పొయ్యి మీద కూర మాడుతున్నా ఆవిడ ముక్కుకు తెలిసేది కాదు. "ఇవాళ ఎన్ని మేడలు కూల్చావు వదినా?" అని ఏడిపిస్తే మొదట్లో నవ్వేది. పోనుపోను నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది. మా అన్నయ్య నిమ్మకు నీరెత్తినట్టు టీవీ ముందు కూర్చునేవాడు. వాడి సంగతి ఎత్తితే ఇది ఇప్పట్లో తెమలదు.

చూపించాల్సిన రోజున రెండు టీవీలు పక్కపక్కన పెట్టారట. ఒకదానికి పెద్ద మిషను, ఇంకోదానికి చిన్న పెట్టె తగిలించారు. మేనేజరు రెండిటినీ తేరిపార చూసి, ఒక తెర దగ్గరికి వెళ్ళి, ఎంతైనా పెద్ద మిషను పెద్ద మిషనే, ఈ మంచూ ఈ తడీ దానికే సాధ్యం అన్నాడట. ఆయన వేలు పెట్టింది చిన్న పెట్టె తెర మీద. వదిన ఉండబట్టలేక, సార్, అది నాది, అని చెప్పిందట.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, భుజానికున్న సంచీ అయినా తీయకుండా కుర్చీలో కూలబడింది. నడిచిందా అంటే నడిచిందంది. మరి కొత్త జట్టులోకి ఎప్పుడు అని అడిగాను.

"లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. 'ఇది ఇంకెవరికి చేతనవుతుందమ్మా? ఇకమీద వచ్చేవన్నీ నువ్వే చూసుకో' అన్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. దున్నే ఎద్దునే పొడుస్తారని ఊరికే అనలేదు. నడవకపోతే చేతకాదని అక్కడే ఉంచేవాడు, నడిస్తే చేతనవునని అక్కడే ఉంచాడు. మాటిచ్చిన మనిషిని మొహం మీదే నిలదీయాల్సింది కదా అని వదిన మీద కేకలేశాను.

"అడుగుదామనే నోరు తెరిచాను," అంది నెమ్మదిగా. "ఇన్నేళ్ళలో నా పని బాగుందని ఒకళ్ళు అనడం ఇదే మొదలు. ఆ మాట చెవిన పడేసరికి, సరే సార్ అనేశాను."

ఆవిడ భుజానికున్న సంచీ నేనే తీసి పక్కన పెట్టాను. ఆవిడే మళ్ళీ అంది.

"తర్వాతది సముద్రమట. ఏ అలకా అల విడిగా లేస్తుందట."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు రాలేదు, కూర్చున్న చోటే కళ్ళు మూతలు పడిపోతున్నాయి.