ఐసు డబ్బాతో జొన్న బీరు వెంట

శనివారం సాయంత్రం ఒక గ్లాసు బీరు. నాకున్న ఒకే ఒక్క విలాసం అది. నాగోలు దగ్గర పది బల్లలున్న చిన్న బ్రూవరీ ఉండేది. బీరు అక్కడే తయారు చేసి అక్కడే పోసేవారు. దాని యజమాని శ్రీపాల్ రెడ్డిది ఇబ్రహీంపట్నం మండలం. రకరకాల బీర్లు చేసేవాడు గానీ నాకు నచ్చింది జొన్న బీరు. కాస్త పులుపు, వెనకే కాలిన రొట్టె వాసన. మూల బల్ల దగ్గర కూర్చుంటే నన్నెవరూ మాట్లాడమని అడిగేవారు కాదు. అద్దె రెట్టింపు అయ్యేసరికి శ్రీపాల్ ఆ చోటు వదిలేసి, ఆదిభట్ల దగ్గర సొంత భూమిలో రేకుల షెడ్డు వేసి, ట్యాంకులన్నీ అక్కడికి మార్చాడు. ఐటీ ఉద్యోగులు దగ్గరే ఉన్నారు కదా అని అతని ధైర్యం. ఆ బీరు వెంట నేనూ ఒకసారి వెళ్లి రావాలనుకుని, వస్తున్నానని అతనికి చెప్పాను. అటు వెళ్లాలనుకునేవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

బయలుదేరే ముందు రోజు శ్రీపాల్ నుంచి ఫోన్ వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి రెండు రోజులు కరెంటు లేదట. మే నెల ఎండకి ఫ్రిజ్‌లోని ఈస్ట్ అంతా చచ్చిపోయింది. ఈస్ట్ అంటే గింజలు ఉడికించి తీసిన రసాన్ని పులియబెట్టి బీరుగా మార్చే మడ్డి. మామూలు బీర్లకి ప్యాకెట్ ఈస్ట్ సరిపోతుంది. జొన్న బీరుకి మాత్రం, రావిర్యాల దగ్గరి ఈత వనంలో తీసిన కల్లు మడ్డి నుంచి అతనే పెంచుకున్నది ఉండాలి. ఆ వనం ఇప్పుడు లేదు. చెట్లు కొట్టేసి, రాళ్లు పాతి, ప్లాట్లు అమ్మే వెంచర్ వాళ్లు రంగు జెండాలు కట్టారు. మిగిలింది ఒకే ఒక్క సీసా. అది పాత బ్రూవరీలో వంట చేసిన పద్మక్క ఇంటి ఫ్రిజ్‌లో ఉంది.

"అన్న, రేపు వస్తున్నవ్ గద. కొత్తపేటల పద్మక్క ఇంటి నుంచి గా సీసా పట్కరా. నేను పొద్దుగాల్నే రసం కాగవెడుతున్న, కదలనీకి లేదు. చల్లగ ఉండాలె, జర పైలం," అన్నాడు.

సరేనన్నాను. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

ఉదయం తొమ్మిదికల్లా కొత్తపేటలో ఉన్నాను. పద్మక్క ఒక గాజు సీసాను తడి గుడ్డలో చుట్టి, థర్మాకోల్ డబ్బాలో ఐసు మధ్య పెట్టి ఇచ్చింది. సీసాలో చిక్కటి గంజిలాంటిది అడుగున పేరుకుని ఉంది. "మా ఇంటాయన రెండుసార్లు మజ్జిగ అనుకొని మూత దీసిండు తమ్మీ. దాని నసీబ్ మంచిది, బతికింది," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మూత బిగించవద్దని, లోపల గాలి పుడుతుందని చెప్పింది. అంటే డబ్బాను పక్కకి ఒరగనివ్వకూడదు.

ఎల్బీనగర్‌లో ఇబ్రహీంపట్నం బస్సు సులభంగానే దొరికింది. రోజు ఖర్చు రాసే అలవాటు ఉంది కాబట్టి చెబుతున్నాను, బొంగులూరు గేటు దాకా ముప్పై రూపాయలు. డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బీఎన్ రెడ్డి నగర్ దాటేదాకా బాగానే నడిచింది. తుర్కయాంజాల్ దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. బస్సు ఆగింది, కదిలింది, మళ్లీ ఆగింది. డబ్బా మూల నుంచి నీళ్లు కారడం మొదలైంది. పక్క సీటులోని పెద్దావిడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, "చాపలా అన్న? జర అటు జరుపు, నా చీర పాడైతది," అంది. చేపలు కాదని చెప్పి డబ్బా అటు జరిపాను. అయితే ఏమిటని అడిగింది. నేను డబ్బా మూత ఇంకొంచెం నొక్కి పట్టుకున్నాను. ఆమె మన్నెగూడలో దిగేదాకా ఆ డబ్బానూ నన్నూ అనుమానంగానే చూసింది.

బొంగులూరు గేటులో దిగేసరికి పదకొండున్నర. డబ్బా తెరిచి చూస్తే ఐసు సగానికి పైగా కరిగిపోయింది. రోడ్డు పక్కన కుల్ఫీ బండి కనబడితే పరుగెత్తినట్టే వెళ్లాను. కుల్ఫీ అతను ఇరవై రూపాయలకి ఐసు పగలగొట్టి పోశాడు. పైన రెండు గుప్పిళ్లు రాళ్ల ఉప్పు చల్లి, "గిట్ల జేస్తే మస్తు సల్లగైతది అన్న, ఫికర్ లేదు," అన్నాడు. ఉప్పు పడితే చల్లదనం పెరుగుతుందని నాకూ తెలుసు. ఎంత చల్లగా ఉంటే అంత క్షేమం అనుకున్నాను. ఇంకొక గుప్పెడు నేనే అడిగి వేయించాను.

అక్కడి నుంచి ఆదిభట్లకి షేర్ ఆటోలున్నాయి, మనిషికి ఇరవై. కంపెనీ బస్సులు వరసగా పోతుంటాయి గానీ మనకోసం ఆగవు. మధ్యాహ్నం ఆటో నిండడానికి అరగంట పట్టింది. డ్రైవర్ నన్ను ప్లాటు చూడటానికి వచ్చినవాణ్ని అనుకున్నాడు. బీరు కోసం అని చెబితే వెనక్కి తిరిగి మరీ చూశాడు. "బీరు తాగనీకి గింత దూరమా? మీ కాడ వైన్స్ లెవ్వా?" అన్నాడు. ఆటోలో అందరూ నవ్వారు. డబ్బా ఇప్పుడు కారడం లేదని మనసు కాస్త కుదుటపడింది.

షెడ్డు ఊరు దాటాక, కంచె వేసిన ప్లాట్ల మధ్య ఉంది. శ్రీపాల్ చెమటతో తడిసిపోయి ఎదురొచ్చాడు. డబ్బా అందుకుని సీసా పైకి తీశాడు. ఒంచాడు. లోపల ఏమీ కదల్లేదు. మడ్డి రాయిలా గడ్డకట్టింది. డబ్బాలోని నీళ్లలో వేలు ముంచి నాలుకకి తాకించుకున్నాడు.

"ఉప్పేసినవా అన్న?"

"ఐసు కరిగిపోతుందని వేయించానండి."

సీసాను మళ్లీ ఒకసారి ఒంచి చూశాడు. తర్వాత నెమ్మదిగా, "గడ్డకడితే సచ్చిపోతది. చల్లగ అన్న గని, గడ్డకట్టొద్దని నేనే జెప్పకపోతి," అన్నాడు.

సీసాను మామూలు నీళ్లలో పెట్టి కరిగించాడు. చల్లార్చిన జొన్న రసం కొంచెం ఒక గాజు జాడీలోకి తీసి, కరిగిన మడ్డిని అందులో కలిపాడు. చీకటి పడేలోపు నురగ కనబడితే బతికినట్టు. లేకపోతే ట్యాంకులో ప్యాకెట్ ఈస్ట్ వేయాల్సిందే, రసం రాత్రంతా ఆగదు. అప్పుడిక జొన్న బీరు పేరే మిగులుతుంది.

ఆ మధ్యాహ్నం నేను జాడీ ముందు నుంచి లేవలేదు. శ్రీపాల్ వాళ్లమ్మ, ఇంటి నుంచి జొన్న రొట్టె, పచ్చిపులుసు తెచ్చింది. ముద్ద దిగడం లేదని గమనించి, "నువ్వు ఫికర్ జేస్తే అది పొంగుతదా బిడ్డా? తిను ముందుగాల," అంది. జాడీకి ఒక పాత దుప్పటి చుట్టి వెళ్లింది. నాలుగు దాటినా ఏమీ లేదు. ఐదు దాటినా లేదు. నాదర్‌గుల్ వైపు శిక్షణ విమానం ఒకటి గుండ్రంగా తిరుగుతూనే ఉంది. తిరిగి వెళ్లిపోదామా అనుకున్నాను, కానీ ఏ ముఖంతో చెప్పి వెళ్లాలి?

పొద్దు వాలుతుండగా శ్రీపాల్ వచ్చి దుప్పటి తీసి, జాడీకి చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉండి నన్ను రమ్మన్నాడు. నేనూ చెవి పెట్టాను. అన్నం ఉడకబోయే ముందు వచ్చేలాంటి సన్నని చిటపట. దీపం పెట్టి చూస్తే గాజు అంచున నాలుగైదు బుడగలు.

"బతికింది గని శానా తక్కువ. ట్యాంకుకు సాలదు," అన్నాడు. కొద్దిసేపు ఆలోచించి, పాల క్యాను ఒకటి కడిగించి, అందులోకి రసం పట్టి జాడీ మొత్తం దానిలో పోశాడు. ట్యాంకులో ప్యాకెట్ ఈస్ట్ వేశాడు. ట్యాంకు నిండా జొన్న బీరు అనుకున్నది, ఒక్క క్యానుకి వచ్చింది, కానీ క్యాను అడుగున చేరే మడ్డి నుంచి మళ్లీ పెంచుకోవచ్చు.

మూడు వారాల తర్వాత పిలిస్తే వెళ్లాను. క్యాను నుంచి అర గ్లాసు పోసి నా ముందు పెట్టాడు. తను తాగలేదు. "నేను రోజు సూస్తుంట, నాకు తెల్వది. నువ్వు శనివారం శనివారం తాగినోనివి. గదేనా అన్న?" అని అడిగాడు. అన్నేళ్లు మూల బల్ల దగ్గర మాట్లాడకుండా కూర్చున్న నన్ను ఒక మనిషి తన పని గురించి అడుగుతున్నాడు. మొదటి గుక్కలో పులుపు ఎక్కువగా తోచింది. నోటికి వచ్చిన మాట ఆపుకుని రెండో గుక్క తాగాను. వెనక నుంచి ఆ రొట్టె వాసన మెల్లగా వచ్చింది. "అదేనండి. ఇంకా కోలుకుంటోంది," అన్నాను. శ్రీపాల్ కుర్చీ లాక్కుని కూర్చుని, మిగిలిన సగం తనే తాగేశాడు. నాకు కోపం రాలేదు. ఆ బీరు ఇంకా ఉందని తెలియడం, తాగడం కన్నా పెద్ద ఊరట అనిపించింది.

మీరు వెళ్లేటప్పుడు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. బండి తీసుకెళ్లకండి, తాగి నడపాల్సి వస్తుంది. ఆదిభట్ల నుంచి షేర్ ఆటోలు చీకటి పడ్డాక దొరకడం కష్టం కాబట్టి పొద్దుండగానే బొంగులూరు గేటు చేరుకోండి. అందుకోసం చివరి గ్లాసు వదిలేయాల్సి వచ్చినా వదిలేయండి.