పేరులేని ఆఫీసర్

ఒమన్‌లోని ఖురియాత్ ఊళ్లో ఒక పెద్దావిడ ఇంట్లో నర్సుగా రెండేళ్లు చేశాను. హాల్లో ఆవిడ మంచానికి ఎదురుగా నిలువెత్తు ఆయిల్ పెయింటింగ్ ఉండేది. దొరలా ఉన్న మనిషి, సైన్యంలో అధికారి. ఎర్రకోటు, భుజాల మీద బంగారు కుచ్చులు, వెనకాల ఉరుముతున్న మబ్బులు. బీపీ చూస్తున్నా, దుప్పటి మారుస్తున్నా వాడి చూపు నా వీపు మీదే, నాకేదో సూపర్‌వైజర్ అయినట్టు. డ్యూటీలో ఒక్క నిమిషం కుదురుగా కూర్చోనిచ్చేవాడు కాదు.

మా గోదావరి వైపు హాల్లో అంత పెద్ద పటం ఉందంటే పోయిన ఇంటిపెద్దదే. అందుకే ఒకరోజు ఆవిడ కొడుకుని హిందీలో అడిగాను.

"మీ పెద్దాయన ఏ నెలలో పోయారు సార్? మా చర్చి శుక్రవారం కూడికలో మీ కుటుంబం కోసం ప్రార్థన చేయిస్తాను."

ఆయన నవ్వాడు. "మావాడు కాదు, రెండొందల ఏళ్లనాటి ఇంగ్లీషు దొర. బొమ్మ లండన్ వేలంలో కొన్నాను. పేరు ఎవరికీ తెలీదు. కింద 'ఆఫీసర్' అని మాత్రం రాసుంది."

నాకు ఒళ్లు మండింది. అంత దర్జాగా నిలబడ్డవాడి పేరు ఒక్కరైనా అడిగి రాసుకోలేదా అనుకున్నాను.

అంతలో మంచం మీంచి పెద్దావిడ పిలిచింది, ఆ ఇంట్లో అందరూ మొదటిరోజు నుంచీ పిలుస్తున్నట్టే, "సిస్టర్" అని.