దుల్హన్ ముక్కు

నేను ఫిట్టర్‌ని. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో పైపులు బిగించడం నా పని. పందొమ్మిదేళ్లుగా అదే చేస్తున్నాను. అందుకే ఇంటికి కొత్త గ్యాస్ పొయ్యి తెచ్చుకున్న రోజు, మెకానిక్ వచ్చేదాకా ఆగుదామని నా భార్య అనగానే నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"రేపొస్త అన్నడు గద మెకానిక్. ఒక్కరోజు ఆగుదాం తీ" అంది.

"ఆడొచ్చి నాకు నేర్పుతడా? రియాక్టర్లకు పైపులు బిగించెటోన్ని. గీ మూరెడు రబ్బరు పైపు పెట్టనీకి ఇంకోడు రావాల్నా?" అన్నాను.

ఆమెకు గ్యాసంటే మొదటి నుంచీ భయం. నేను సిలిండర్ మార్చిన ప్రతిసారీ గుమ్మం బయట నిలబడి, "అయ్యిందా?" అని రెండుసార్లు అడిగాకే లోపలికి వచ్చేది. ఆ భయాన్ని చూసి పెళ్లైన కొత్తలో నవ్వేవాణ్ని. తరవాత విసుక్కునేవాణ్ని. ఆ రోజు మాత్రం కసిరాను.

పైపు కొసను వేడినీళ్లలో ముంచి మెత్తబరిచి, పొయ్యి వెనక గొట్టానికి ఎక్కించి, మీద క్లిప్పు వేసి స్క్రూ బిగించాను. మా పనిలో ఒక అలవాటుంది. బిగిసిందని చేతికి తెలిశాక కూడా ఇంకో అర చుట్టు తిప్పుతాం. నాకు పని నేర్పిన పెద్ద ఫిట్టర్ ఆ అర చుట్టు తిప్పకుండా పానా కింద పెట్టనిచ్చేవాడు కాదు. ఇంట్లో కూడా నా చెయ్యి దానంతటదే ఆ అర చుట్టు తిప్పేసింది.

"సబ్బునీళ్లు పెట్టి సూడరాదు జెర" అని గుమ్మంలోంచి అంది.

"లీకైతే వాసన రాదా?" అని పైపు దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చి చూపించాను. ఏ వాసనా లేదు. మూడు బర్నర్లూ వెలిగించి, టీ పెట్టించుకుని తాగాను. అంత బాగున్న టీ మళ్లీ తాగలేదు.

మేం లక్డారంలో కిరాయికుంటాం. కింద రెండు గదులు మావి. పైన ఇంటివాళ్లు ఉంటారు, ముస్లింలు. అప్పటికి నెల కిందటే వాళ్లింటికి జహీరాబాద్ అవతలి పల్లె నుంచి కొత్త కోడలు వచ్చింది. వాళ్లిళ్లలో కోడలిని ఏళ్లు గడిచినా దుల్హన్, అంటే పెళ్లికూతురు, అనే పిలుస్తారు. మేమూ అలాగే పిలిచాం. నేనెదురైతే చున్నీ తలమీదికి లాక్కుని, చూపు నేలకు దించి మెట్లెక్కిపోయేది. నా భార్యతో మాత్రం గిన్నెలు మార్చుకునే స్నేహం తొందరగానే కలిసింది.

మా దిక్కు వాసనకు ఒక పద్ధతుంది. మబ్బు పట్టిందంటే కంపెనీల గాలి పైకి పోదు, ఇళ్లమీదికి దిగుతుంది. గల్లీలో ఎవరో ఒకరు "కంపు ఇడిసిండ్రు!" అని అరుస్తారు. ఆ మాట వినగానే తీగల మీది బట్టలు లోపలికి వస్తాయి, కిటికీలు మూతపడతాయి, తలుపు కింది సందులో తడి తువ్వాల పెడతారు. అక్షరాలు రాని పిల్లలు కూడా తువ్వాల తడిపి తెస్తారు. ఒకసారి ఊళ్లో వాళ్లంతా కలిసి అర్జీ రాశారు. మా ఇంటికీ తెచ్చారు. నేను తినేది ఆ కంపెనీల అన్నమే గనక సంతకం పెట్టలేదు. పెట్టకపోయినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పొయ్యి పెట్టిన మూడో రోజు. మొదటి షిఫ్టు దిగి మూడు గంటలకు ఇల్లు చేరాను. ఆకాశం నిండా మబ్బు. తలుపు తోస్తే తువ్వాల అడ్డుపడింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. నా భార్య చాప మీద పడుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉంది.

"తలుపెయ్యి జల్దీ. పగటికెల్లి కంపు. తల పలిగిపోతుంది" అంది.

తలుపేసి, తువ్వాలను కాలితో మళ్లీ సందులోకి నెట్టాను. నాకు ఏ వాసనా తెలియలేదు. రోజూ అందులోనే ఉండేవాణ్ని కదా, అలవాటైపోయిందనుకున్నాను. ఆమెకు టీ పెట్టి ఇద్దామని వంటగట్టు దగ్గరికి వెళ్లి లైటర్ చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడే ఎవరో తలుపు తట్టారు. లైటర్ పట్టుకునే వెళ్లి తీశాను. గిన్నె తిరిగిచ్చేందుకు దుల్హన్ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి చున్నీ ముక్కుకు అదుముకుంది.

"భయ్యా, గ్యాస్!"

"కంపెనీ వాసనమ్మా. లోపటికి రా, తలుపెయ్యాలె."

"నై భయ్యా. బయట ఏం వాసన లేదు. మీ ఇంట్లకెల్లే వస్తుంది."

నేను నవ్వాను. "నువ్వు కొత్త గద బిడ్డా, నీకింక ఎరుక లేదు" అన్నాను. నవ్వానన్న సంగతి రాయకపోతే బాగుండేది. కానీ నవ్వాను.

చూపెత్తి నా ముఖం చూడని పిల్ల నా చేతిలోని లైటర్ లాక్కుని వాకిట్లోకి విసిరేసింది. గిన్నె కింద పెట్టేసి లోపలికి ఉరికి రెగ్యులేటర్ కట్టేసింది. కిటికీలు బార్లా తెరిచింది. నా చెయ్యి ఫ్యాను స్విచ్ వైపు వెళ్తే "ముట్టకు భయ్యా!" అని అరిచింది. ఆ అరుపుకు నాకు తెలివొచ్చింది. ఇద్దరం కలిసి నా భార్యను రెక్కలు పట్టి బయటికి తెచ్చి మెట్ల మీద కూర్చోబెట్టాం. ఆమె అక్కడే వాంతి చేసుకుంది.

వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేలమీద పరుచుకుంటుంది. ఈ సంగతి మా కంపెనీ గోడల మీదే రాసి ఉంది. రోజూ చదివేవాణ్ని. ఆమె పడుకున్నది నేలమీద. గ్యాసు బయటికి పోగల ఒక్క సందునూ మేమే తడి తువ్వాలతో మూసుకున్నాం. ఇంకే ఊరి వాళ్లైనా కంపు కొడితే తలుపులు తీస్తారు. మేం వేసుకున్నాం.

గాలాడాక, గంట తరవాత, సబ్బునీళ్లు కలిపి పైపుకు పూసి రెగ్యులేటర్ కొద్దిగా తిప్పాను. క్లిప్పు దగ్గర బుడగలు లేచాయి. క్లిప్పు విప్పి చూస్తే రబ్బరు చుట్టూ కత్తితో గీసినట్టు తెగి ఉంది. ఇనుముకు ఇచ్చే అర చుట్టు రబ్బరుకు ఇచ్చాను.

మర్నాడు పొద్దున నా భార్య ఇంగువ డబ్బా తెచ్చి, "కండ్లు మూసుకో" అంది. ముక్కు దగ్గర పెట్టింది. ఏమీ తెలియలేదు. కర్పూరం పెట్టింది. కిరోసిన్ గుడ్డ పెట్టింది. "పెట్టినవా?" అని నేనడిగేసరికి ఆమె ఏడుస్తోంది. తరవాత ఆమె కళ్లు నేను మూశాను. కిరోసిన్, కర్పూరం గుర్తుపట్టింది. ఇంగువను మాత్రం, "గిదేంది, కంపెనీ వాసననా?" అని అడిగింది.

సంగారెడ్డిలో చెవి ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఎన్నేళ్లుగా చేస్తున్నావని అడిగాడు, చెప్పాను. కంపెనీలో ఏ రసాయనాలు వాడతారని అడిగాడు, చెప్పాను. ముక్కులో కొట్టుకునే మందు రాసి, "ఇది ఆశ కోసమే. పోయినది తిరిగి రావడం కష్టం" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు ఆయన మీద కోపం రాలేదు. నా మీదే వచ్చింది. కంపెనీలో గ్యాసు పసిగట్టే యంత్రాలున్నాయి, అవి కూస్తే మేం పరుగెత్తుతాం. నా ముక్కు ఎప్పుడు పోయిందో అక్కడ ఎవరికీ తెలియదు. నాకే తెలియలేదు.

ఇంట్లో కూడా అలాంటి యంత్రం ఒకటి చిన్నది పెట్టాను. కంపెనీ కంపు వచ్చిన ప్రతిసారీ అదీ కూసింది. వారంలో నాలుగు రోజులు కూసింది. దాని కూతకు నా భార్య గుండె పట్టుకుని వీధిలోకి ఉరికేది. చివరికి తీసి అటక మీద పడేశాం. మెకానిక్‌నూ పిలిపించాను. కొత్త పైపు వేసి, సబ్బునీళ్లు చల్లి, వంగి వాసన చూసి, "మస్తుంది అన్నా" అని వెళ్లిపోయాడు. అతను పుట్టి పెరిగింది మా పక్క గల్లీలోనే.

సబ్బునీళ్లు ఆ నిమిషం సంగతే చెబుతాయి. మిగతా పగలంతా, రాత్రంతా కాపలాకు ముక్కు కావాలి. అందుకని దుల్హన్‌ను అడిగాం. రోజూ పొద్దున, పొయ్యి వెలిగించేముందు, ఆమె కిందికి వచ్చి పొయ్యి దగ్గర వంగి వాసన చూసేది. "ఏం లేదు భాబీ" అన్నాకే నా భార్య లైటర్ ముట్టేది. సిలిండర్ మార్చిన రోజు పైపు పొడవునా చూసేది. మా ఇల్లు ఆ పిల్ల ముక్కు మీద నిలబడి ఉందని నేనంటే సిగ్గుపడి నవ్వేది.

ఏడాది గడిచాక ఆమె భర్తకు ముత్తంగి గోదాముల్లో పని తగ్గింది. "నేనూ పనికి పోతా భయ్యా. మీ కంపెనీల జెర మాట్లాడు" అని ఆమే అడిగింది. మాట్లాడాను. సీసాలు కడిగే సెక్షన్‌లో తీసుకున్నారు. ఆ సీసాలు నీళ్లతో కాదు, ఘాటు రసాయనాలతో కడుగుతారని నాకు తెలుసు. లక్ష కారణాలు చెప్పుకోవచ్చు. ఆమె అడిగింది, ఇల్లు గడవాలి, నేను కాకపోతే ఇంకొకరు పెట్టించేవాళ్లు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాటలేవీ నా మనసుకు ఎక్కలేదు.

ఆమె పనిలో చేరి రెండేళ్లు దాటింది. మొన్న ఆదివారం పొద్దున సిలిండర్ మార్చాను. సబ్బునీళ్లు చేత్తో తీసుకుని రెగ్యులేటర్ దగ్గర పూస్తుంటే, దుల్హన్ వచ్చి నా పక్కనే కూర్చుంది. ఇప్పుడు చూపు దించుకోదు, ఇంటిమనిషే అయిపోయింది. వంగి, కళ్లు మూసుకుని, గట్టిగా పీల్చింది. ఇంకోసారి పీల్చింది.

"ఏం లేదు భయ్యా. ఫికర్ చెయ్యకు" అంది.

నా వేళ్ల మధ్య బుడగ ఒకటి లేచింది. పగిలింది. దాని వెనక ఇంకోటి లేచింది.

నేను రెగ్యులేటర్ కట్టేశాను. నా భార్య గుమ్మం బయటి నుంచి ఆ బుడగలు చూసింది. దుల్హన్ మాత్రం ఇంకా కళ్లు తెరవలేదు, మాకోసం మూడోసారి పీలుస్తోంది.

"అయ్యిందా?" అని నా భార్య అడగలేదు. "ఇగ ఎవర్ని పిలుస్తం?" అంది.